ఎరువు సొమ్ము

తెలుగులో 'ఎరువు' అనే మాటకి రెండు అర్థాలున్నాయి. పొలంలో వేసేది ఒకటి. పక్కింట్లో అడిగి తెచ్చుకుని, వాడుకుని, తిరిగి ఇచ్చేసేది ఇంకొకటి. పెళ్ళికి పెట్టుకెళ్ళడానికి ఎవరి మెళ్ళోంచో తీయించి తెచ్చుకున్న గొలుసు ఎరువు సొమ్ము. దాని మీదే సామెత: ఎరువు సొమ్ము బరువు చేటు. అప్పు అర్థంలో 'ఎరవు' అనే రూపం కూడా ఉంది కాబట్టి ఇవి పుట్టుకలో వేర్వేరు మాటలై, జనం నోట్లో పడి ఒకటైపోయి ఉండొచ్చు. ఆ తగువు భాషావేత్తలకి వదిలేస్తాను. వంటింటి తుక్కుని ఇంట్లోనే కంపోస్టు చేయడం గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఈ రెండర్థాలూ కలిసే వస్తాయి. తిరిగి ఇవ్వాల్సింది ఏదో ఉంది, సరే. ఎవరికి?

మామూలుగా వచ్చే సమాధానం, మట్టికి. ఈ సమాధానం కోనసీమలో ఉన్నవాళ్ళకి కాస్త గట్టిగానే తగుల్తుంది. గౌతమికీ వసిష్ఠకీ మధ్య ఉన్న ఈ నేలలో సొంతం అని చెప్పుకోదగ్గ మన్ను పెద్దగా లేదు. గోదావరి ఎగువ నుంచి ఎత్తుకొచ్చి పోసిన ఒండ్రు ఇది. ఎక్కడో మహారాష్ట్రలో, తెలంగాణలో వాన కడిగిన చేలు ఇక్కడ లంకలయ్యాయి. ఇప్పుడు ఆ ఒండ్రులో చాలా భాగం దారిలో కట్టిన డ్యాముల వెనకాలే ఆగిపోతోంది. రాక తగ్గింది, పోక మాత్రం తగ్గలేదు. రావులపాలెం మార్కెట్‌లో పొద్దున్నే అరటి గెలలు ఎక్కించుకునే లారీల్ని చూడండి, అంబాజీపేటలో కొబ్బరి లోడ్లు చూడండి. అరటీ కొబ్బరీ రెండూ పొటాష్ విషయంలో తిండిపోతు పంటలు. మనదేశం వాడే పొటాష్ దాదాపు అంతా బయటి నుంచే వస్తుంది. అంటే కెనడాలోనో రష్యాలోనో బెలారస్‌లోనో గనిలో తవ్విన ఉప్పు ఓడెక్కి వచ్చి, కొత్తపేట తోటలో కరిగి, గెలలోకి ఎక్కి, రావులపాలెంలో లారీ ఎక్కి, హైదరాబాద్‌లో ఎవరింట్లోనో తొక్కగా మిగిలి, జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకి చేరుతుంది. అక్కడితో దాని ప్రయాణం అయిపోతుంది. వచ్చే ఏడు మళ్ళీ ఓడ రావాలి.

ఆల్బర్ట్ హోవర్డ్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో పనిచేసి, మన రైతుల అలవాట్లనీ తన ప్రయోగాలనీ కలిపి ఒక కంపోస్టు పద్ధతి తయారుచేశాడు. ఇండోర్ పద్ధతి అని ప్రపంచమంతా చెప్పుకునేది అదే. నేలలోంచి తీసిందంతా నేలకి తిరిగి చేరాలన్నది ఆయన మూలసూత్రం. ఇప్పుడు బాల్కనీ కంపోస్టు గురించి ఎవరు ఏ వీడియో చేసినా, పేరు చెప్పినా చెప్పకపోయినా, దాని అడుగున ఉన్నది ఈ సూత్రమే.

సూత్రంతో నాకు పేచీ లేదు. లెక్కతోనే. మా ఇంట్లో రోజుకి అరకిలో తుక్కు వస్తుందనుకుందాం. ఏడాదికి 180 కిలోలు. కుళ్ళి, నీరు పోయి, మాగిన తర్వాత అందులో ఐదో వంతుకి అటూ ఇటూ మిగులుతుంది. ఆ 35 కిలోలతో నేను ఒక కరివేపాకు మొక్కనీ, నాలుగు కనకాంబరాల్నీ, రెండు వంగ మొక్కల్నీ పెంచుతాను. అరటితోటకి రావాల్సిన బాకీ నా కనకాంబరాలకి జమైంది. బాకీ ఉన్నది ఒకరికి, తీర్చింది ఇంకొకరికి. మట్టి ఏమీ అనుకోదు, మట్టి అప్పులవాడిలా గుమ్మంలో నిలబడి అడగదు. అందుకేనేమో మట్టికి బాకీ తీరుస్తున్నామని చెప్పుకోవడం మనకంత హాయిగా ఉంటుంది.

ఇక్కడ అమ్మమ్మల కాలం గుర్తుచేసేవాళ్ళు ఉంటారు. అప్పట్లో చెత్తే లేదు కదా, అన్నీ దొడ్లోనే కలిసిపోయేవి కదా అని. నిజమే, చాలా మటుకు. కూర తొక్కలూ, బియ్యం కడుగూ, గంజీ కుడితి గోలెంలోకి పోయేవి. గేదె తాగేది. గేదె వదిలింది పెంటపోగుకి, పెంటపోగు వేసవిలో చేలోకి. ('కుడితిలో పడ్డ ఎలక' అని ఇప్పటికీ అంటాం. ఎలక తెలుసు, కుడితి ఎలా ఉంటుందో చూసినవాళ్ళు నా వయసులోనే తక్కువ.) ప్లాస్టిక్ లేని ఆ చక్రం నిజంగానే అందమైంది.

కాకపోతే ఆ కథ చెప్పేటప్పుడు క్రియాపదాల్ని గమనించండి. పోయేవి, చేరేవి, కలిసిపోయేవి. తుక్కు తనంతట తనే నడిచి వెళ్ళినట్టు. పేడ ఎత్తినవాడు పాలేరు. పెంటపోగుని గమేళాలకీ గంపలకీ ఎత్తి, తల మీద పెట్టుకుని, బోదెలు దాటుకుంటూ తోటలోకి మోసినవాళ్ళు పేట నుంచి వచ్చేవాళ్ళు. ఇంటివాళ్ళు అరుగు మీద నుంచి ఎన్ని గంపలో లెక్కపెట్టేవాళ్ళు. సంక్రాంతి నెలలో అదే పేడ గొబ్బెమ్మ అయి, గుమ్మడిపువ్వు పెట్టుకుని, వాకిట్లో ముగ్గు మధ్య కూర్చుంటుంది. పేడకి మడి ఉంది, పెంటకి లేదు. రెండూ ఒకటే పదార్థం. తేడా ఎవరి చేతుల మీదుగా వెళ్ళింది అన్నదే.

'పెంట' అన్న మాటే చూడండి. మన నోట్లో అది తిట్టు. పని చెడగొడితే పెంట చేశావంటాం. నల్లమలలో చెంచుల ఊళ్ళ పేర్లకి చివర ఉన్నది అదే మాట. అప్పాపూర్ పెంట అంటే అక్కడ ఊరు. మనుషులుండే చోటు.

నేను ఉండేది అమలాపురంలో, 18 ఫ్లాట్లున్న ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో. దొడ్డి లేదు, గేదె లేదు, పాలేరు లేడు. ఉన్నవి రెండు పాత పెయింటు డబ్బాలు, చుట్టూ కన్నాలు పొడిచినవి, వంటింటి పక్కన బట్టలారేసుకునే జాగాలో. పద్ధతి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అడుగున రెండంగుళాల కొబ్బరి పొట్టు, దాని మీద ఆ రోజు తుక్కు, మళ్ళీ గుప్పెడు పొట్టు, రెండు మూడు రోజులకోసారి కింది నుంచి మీదకి కలపడం. పిడికిట్లో తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే పొట్టు తక్కువైనట్టు. వాసన వచ్చిందంటే గాలి ఆడట్లేదని అర్థం. ఒకటి నిండాక రెండోది మొదలుపెడతాను. అది నిండేలోపు, అంటే రెండున్నర మూడు నెలల్లో, మొదటిది నల్లగా, వాన పడ్డ కొత్తలో నేల వాసనేసే ఎరువవుతుంది. హైదరాబాద్‌లో ఉన్న స్నేహితులు ఈ పొట్టునే కోకోపీట్ అని ఇటుకల రూపంలో డబ్బులిచ్చి తెప్పించుకుంటారు. మాకు పీచు మిల్లుల దగ్గర రోడ్డు పక్కన పోగులు పడి ఉంటుంది, సంచీ పట్టుకెళ్తే చాలు. ఒంటరిగా వదిలేస్తే ఆ పొట్టు ఏళ్ళ తరబడి కుళ్ళదు. కూర తుక్కుని ఒంటరిగా వదిలేస్తే మూడో రోజుకే కంపు. కలిపితే రెండూ దారికొస్తాయి.

ఈ విషయం మీద ఏ పుస్తకం తెరిచినా మాంసం, చేపలు, ఎముకలు వేయొద్దని ఉంటుంది. కారణం వాసన, ఎలకలు, అంతే. కానీ మన ఊళ్ళలో ఆ వాక్యం చదివితే 'శాకాహారులకు మాత్రమే' అని రాసిన టూలెట్ బోర్డు గుర్తొస్తుంది. పులస తలకాయలూ రొయ్య పొట్టూ లేని వంటింటి తుక్కు కోనసీమలో ఎన్ని ఇళ్ళలో ఉంటుంది? చేపలు కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకి పోయడం, పొట్టూ మొప్పలూ కొబ్బరి మొదట్లో గొయ్యి తీసి కప్పెట్టడం తెలిసిన జనం మనం. నేను రొయ్య తలకాయలు కూడా వేస్తాను, డబ్బా నడుమ, లోతుగా, పైన రెండింతలు పొట్టు. వాసన రాదు. వచ్చిన రోజున ఇంకాస్త పొట్టు.

అసలు గొడవ వాసన గురించి కానే కాదు. మొదలుపెట్టినప్పుడు మా అమ్మ అంది: "ఇంట్లో కుళ్ళబెట్టుకోవడం ఏంట్రా, జ్యేష్ఠాదేవిని పిలిచి పీటేసినట్టు." డబ్బాలో తెల్లటి పురుగులు కనిపించిన రోజున రెండు పూటలు ఆ వైపు రాలేదు. (అవి నల్ల ఈగ పురుగులు. తుక్కుని మనకంటే వేగంగా తింటాయి, మనిషిని ఏమీ చేయవు.) మా అమ్మ మాటలో నాకు చాలా పాత తర్కం వినిపించింది. ఇల్లు అంటేనే లోపలివి, బయటివి అని రెండుగా విడదీయడం. లోపల లక్ష్మి, బయట జ్యేష్ఠ. ఎంగిలి, మైల, కుళ్ళు, చావు గుమ్మం దాటించేయాలి. దాటించాక అది ఉండదు. 'బయట' అనేది ఒక చోటు కాదు, మాయమయ్యే మంత్రం. ఆ మంత్రం పనిచేయడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి కూడా బయటే ఉండాలి.

2022 మే 24న ఇదే ఊళ్ళో, జిల్లా పేరుకి ముందు అంబేద్కర్ పేరు చేర్చొద్దని మంత్రి ఇల్లూ ఎమ్మెల్యే ఇల్లూ తగలబెట్టారు. ఒక పేరు లోపలికి రావడానికి అంత మంట లేచిన చోట, లోపలేమిటి బయటేమిటి అన్నది వంటింటి ముచ్చటగా కొట్టిపారేయలేను.

2023 డిసెంబర్ ఆఖరి వారంలో రాష్ట్రంలో మున్సిపల్ పారిశుద్ధ్య కార్మికులు సమ్మెకి దిగారు. ఉద్యోగాలు పర్మినెంట్ చేయాలి, చేసే పనికి సమానమైన జీతం ఇవ్వాలి అన్నవి వాళ్ళు అడిగినవాటిలో ముఖ్యమైనవి. జనవరి రెండో వారం దాకా సాగింది. పెద్ద పండగ దగ్గరపడుతోంది. మా వీధి చివర సంచులు నడుం ఎత్తు పేరుకున్నాయి, కుక్కలు లాగాయి, కొన్నిళ్ళవాళ్ళు చీకట్లో తీసుకెళ్ళి కాలువలో పడేశారు. మా ఇంట్లో మాత్రం ఏమీ లేదు. డబ్బాలు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. మిగిలిన పొడి చెత్త ఒక మూల కూర్చుంది, దానికి వాసన లేదు.

అప్పుడు లిఫ్ట్‌లో కింది ఫ్లాటాయన మెచ్చుకోలుగా అన్నాడు: "మీదే తెలివండీ. అందరూ ఇలా చేసుకుంటే ఈ బెదిరింపులుండవు కదా."

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆయన చెడ్డవాడు కాదు, నిజమే చెప్పాడు. పారిశుద్ధ్య కార్మికుల చేతిలో ఉన్న ఒకే ఒక ఆయుధం కంపు. రైలు ఆపలేరు, కరెంటు ఆపలేరు. మనం రోజూ మాయం చేసేదాన్ని మాయం కాకుండా మన ముందే ఉంచగలరు, అంతే. ఆ కంపు ముక్కుకి తగలని ఇంట్లో వాళ్ళ అడగడం కూడా వినపడదు. స్వావలంబన అని నేను అనుకుంటున్నదానికి ఇంకో పేరు ఉండొచ్చు, ఎవరి మీదా ఆధారపడకపోవడం ద్వారా ఎవరి మాటా వినక్కర్లేకపోవడం. మడి కట్టుకున్నవాళ్ళూ ఇదే కదా చేసేది. తమ వంట తామే వండుకుంటారు, తమ బట్ట తామే ఉతుక్కుంటారు, ఎవర్నీ తాకరు. నా చెత్త నేనే చూసుకుంటున్నాను అనే మాటలో సేంద్రియ మడి ఒకటి లేకపోలేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో మెరిసే గాజు జాడీల్లో పొరలు పొరలుగా కనిపించే కంపోస్టులు చూస్తే నాకీ అనుమానం ఇంకా పెరుగుతుంది.

మరి సమ్మె రోజుల్లో డబ్బాలు కట్టేసి, నా తుక్కు కూడా వీధి పోగులో కలపాల్సిందా? అది సంఘీభావం అవుతుందా? సమ్మె ముగిశాక ఆ పోగు ఎత్తాల్సింది మళ్ళీ వాళ్ళే. వాళ్ళకి మద్దతుగా వాళ్ళ మీదే ఇంకో పది కిలోల కుళ్ళు వేయడం నాకు అర్థవంతంగా అనిపించలేదు. నోరు ఉంది కదా, మద్దతు చెప్పాలంటే దాంతో చెప్పొచ్చు. లిఫ్ట్‌లో ఆయనకి చెప్పాను కూడా. వాళ్ళు అడిగేది న్యాయమేనండీ, మీ సంచీ మీరు ఒక్క రోజు విప్పి చూడండి అని. ఆయన నవ్వాడు.

మా వీధికి వచ్చే ఆవిడకి యాభై దాటి ఉంటాయి. నేను అక్కా అంటాను, మీరు అంటాను. ఆవిడ నన్ను బాబుగారూ అంటుంది. ఇద్దరం ఇంతవరకు మార్చుకోలేదు. పనిలోకి తిరిగి వచ్చిన వారంలో అనుకుంటా, నా సంచీ తీసుకుంటూ అంది: "మీ సంచీలో చెయ్యి పెట్టొచ్చు బాబుగారూ."

కంపోస్టు గురించి నేను విన్న మాటల్లో నాకు పనికొచ్చిన మాట అదొక్కటే. ఆవిడకి నా కనకాంబరాలతో పని లేదు, భూతాపంతో ఆ క్షణాన పని లేదు. మన ఊళ్ళ చెత్తలో దాదాపు సగం తడిది. ఆ సగం మిగతా సగాన్ని పాడుచేస్తుంది. సాంబారు కారిన అట్టపెట్టెని పాత సామాన్ల కొట్టువాడు తీసుకోడు. పెరుగు అంటిన కవరు కడిగితే తప్ప పనికిరాదు. మెతుకుల మధ్య పగిలిన గాజు కనపడదు, తెగాకే తెలుస్తుంది. తడి విడిపోతే పొడిది సరుకవుతుంది, చెయ్యి చెయ్యిగా ఉంటుంది. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు తడి, పొడి, ప్రమాదకరమైనవి అని మూడుగా విడదీసి ఇమ్మని మనకి చెప్పి ఇన్నేళ్ళయింది. విడదీసే పని మాత్రం ఇంకా చాలా చోట్ల ఆవిడ వేళ్ళే చేస్తున్నాయి.

అప్పు ఎవరికి అన్న ప్రశ్నకి నాకు ఇక్కడ దొరికింది జవాబు. మట్టికి తర్వాత. ముందు ఆ చేతులకి. అలా చూస్తే నా డబ్బాల పని ఎరువు తయారుచేయడం కాదు, సంచీలోంచి తడి తీసేయడం. ఎరువు కొసరు. ఒకవేళ నా కంపోస్టు ఎప్పుడైనా చెడిపోయి మొక్కలకి పనికిరాకుండా పోయినా, అసలు పని జరిగినట్టే.

అలాగని బాకీ తీరిందనుకోవడానికి లేదు. మా నాన్న మంచాన పడి ఏడాదిన్నర. రోజుకి మూడు డైపర్లు. ఏ డబ్బా వాటిని తినదు. నియమం ప్రకారం గట్టిగా చుట్టి విడిగా ఇవ్వాలి, పేపర్లో చుట్టి ఎర్ర మార్కర్‌తో గుర్తు పెట్టి ఇస్తాను. గుర్తు పెట్టినంత మాత్రాన ఆవిడ వాటిని ఎత్తకుండా పోదు. బీర తొక్కలు నేను ఉంచుకుని డైపర్లు ఆవిడకిచ్చాను. ఇంట్లో మిగిలింది సువాసన, బయటికెళ్ళింది అది.

గాంధీ ఎవరి పాకీ పని వాళ్ళే చేసుకోవాలన్నాడు, ఆశ్రమంలో చేయించాడు కూడా. అదే సమయంలో ఆ పనిని పవిత్రమైన సేవ అని పొగిడాడు. అంబేద్కర్‌కి కోపం వచ్చింది ఆ పొగడ్త దగ్గరే. పుట్టుకతో ఒకరి మీద రుద్దిన పనిని గొప్పదని చెప్పడం, దాన్ని వాళ్ళ మీదే శాశ్వతంగా ఉంచే ఉపాయం అని ఆయన వాదన. మన పంచాయతీల్లో చెత్త ఎత్తేవాళ్ళకి 'గ్రీన్ అంబాసిడర్లు' అని పేరు పెట్టారు, తర్వాత 'క్లాప్ మిత్ర' అన్నారు. రాయబారి అన్న బిరుదు ఉంది, చేతికి గ్లవుజులు ఉన్నాయా లేదా అన్నది ఆ రోజు అదృష్టం. ఈ విషయంలో నాకు గాంధీ మొదటి మాటా, అంబేద్కర్ అభ్యంతరమూ రెండూ కావాలి. పని పంచుకోవడం కావాలి, పొగడ్త వద్దు. జీతం, గ్లవుజులు, పర్మినెంట్ ఉద్యోగం, వాటికి కంపోస్టు ప్రత్యామ్నాయం కాదు.

మొన్న జూన్‌లో మా అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో అందరికీ కలిపి కింద ఒక పెద్ద కంపోస్టు తొట్టి కట్టిద్దామన్న ప్రతిపాదన వచ్చింది. తెచ్చింది నేను కాదు, రెండో అంతస్తులో కొత్తగా వచ్చిన టీచరుగారు. అందరూ ఒప్పుకున్నారు. ఇటుకలకి, రేకుకి డబ్బులు కూడా అక్కడికక్కడే తేలాయి. చివర్లో ఒకరు అడిగారు, కలిపేది ఎవరు అని. ఎవరూ ఆలోచించకుండా ముగ్గురు ఒకేసారి అన్నారు: వాచ్‌మన్ భార్య ఉందిగా, నెలకి ఐదొందలిద్దాం.

ఆవిడ అప్పుడు అక్కడే టీలు అందిస్తోంది. ఎవరూ ఆవిడని అడగలేదు.

టీచరుగారు వంతులు వేసుకుందామన్నారు, ఇంటికి ఒక రోజు. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఒకరికి నడుం నొప్పి, ఒకరికి ఎలర్జీ, ఒకరికి డ్యూటీ షిఫ్టులు. అయిదొందలు తక్కువైతే ఏడొందలిద్దామని ఒకాయన ఉదారంగా పెంచాడు. ఆవిడ చేయదల్చుకుంటే పన్నెండు వందలకీ తగ్గకూడదు, గ్లవుజులూ పారా అసోసియేషనే కొనాలి, ముందు ఆవిడనే అడగాలి అని నేనన్నాను. అడిగితే ఆవిడ తలుపు దగ్గర్నుంచే చెప్పింది, నాకొద్దండీ, నాకు ఇప్పటికే మెట్లు తుడిచే పనుంది అని.

తొట్టి కట్టారు. వంతుల కాగితం లిఫ్ట్ పక్కన అంటించారు. 18 పేర్లకి గాను ఇప్పటికి టిక్కులు పడుతున్నవి అయిదు. మాది గురువారం.